నీలి డబ్బా, జింకు లెక్క



ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినవాళ్లకు, ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివిన కుర్రాళ్లకు ప్రష్యన్ బ్లూ గురించి నేను చెప్పనక్కర్లేదు. చిన్న డబ్బాలోనో ట్యూబులోనో వస్తుంది. ముదురు నీలం, చేతికి జిడ్డుగా తగులుతుంది. సర్ఫేస్ ప్లేటు మీద వేలితో పల్చగా, ఎంత పల్చగా వీలైతే అంత పల్చగా రాస్తారు. తయారైన భాగాన్ని దాని మీద బోర్లించి మెల్లగా అటూ ఇటూ జరుపుతారు. ఎత్తి చూస్తే ఉబ్బెత్తుగా ఉన్న చోట్ల మాత్రమే నీలం అంటుకుని ఉంటుంది. ఆ మచ్చల్ని స్క్రేపరుతో గీకాలి, మళ్లీ రాయాలి, మళ్లీ బోర్లించాలి. తలం అంతటా మచ్చలు సమంగా పడే దాకా అదే పని. బేరింగు కూర్చోబెట్టడమూ ఇంతే. ఆ రంగు చొక్కాకు అంటిందంటే ఇంట్లో చీవాట్లు ఖాయం.

ఆ నీలం రసాయనమే ఇంకోచోట ప్రాణం కాపాడే మందు. రేడియోధార్మిక సీజియం ఒంట్లోకి పోయినవాళ్లకు డాక్టర్లు క్యాప్సూళ్లలో పెట్టి మింగిస్తారు. డబ్బాలోది నూనె కలిపిన రంగు, మందుగా ఇచ్చేది శుద్ధి చేసిన పొడి; కాబట్టి ఎవరూ వర్క్‌షాపు సరుకు నాలుక మీద వేసుకుని చూడకండి. ఇనుము, సయనైడు కలిసిన పదార్థం ఇది. సయనైడు అనగానే గుండె ఝల్లుమంటుంది గానీ, ఇందులో అది ఇనుముతో ఎంత గట్టిగా ముడిపడి ఉంటుందంటే కడుపులోకి పోయినా ఊడి రావడం చాలా తక్కువ.

ఒంట్లో చేరిన విషలోహాలను పట్టి బయటికి పంపే మందులు ఈ రోజు మన విషయం. వాటిలో పెద్ద భాగాన్ని కీలేషన్ చికిత్స అంటారు. ప్రష్యన్ బ్లూ కచ్చితంగా ఆ కులానికి చెందదు గానీ దగ్గర చుట్టమే. ఈ మందులు విషాన్ని పట్టుకుపోవడం ఒక ఎత్తయితే, దాంతోపాటు ఒంటికి కావలసిన జింకు, మెగ్నీషియం, కాల్షియం లాంటివాటిని కూడా పట్టుకుపోవడం ఇంకో ఎత్తు. నాకు ఆసక్తి ఆ రెండోదాని మీదే.

ఖరగ్‌పూర్‌లో కూర్చుని రేడియోధార్మికత గోల మనకెందుకు అంటారా? టాటా లైనులో వెళ్లినవాళ్లంతా ఝార్‌గ్రామ్, చాకులియా, ఘాట్‌శిల దాటాక రాఖా మైన్స్ అనే చిన్న స్టేషను చూసే ఉంటారు. జాదూగూడకు దగ్గరి స్టేషను అదే. దేశంలో మొదటి యురేనియం గని జాదూగూడది. 1967లో పెట్టిన యురేనియం కార్పొరేషన్‌కు కేంద్ర కార్యాలయం కూడా అక్కడే. ఆ గని ఖనిజం నుంచి తీసిన పసుపు ముద్ద, ఎల్లో కేక్ అంటారు, హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకు వెళ్లి అణువిద్యుత్ కేంద్రాలకు ఇంధనంగా మారుతుంది. మన తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో ఖలాసీలుగా, గ్యాంగుమన్లుగా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇటు వస్తే, ఈ సరుకు ఇటునుంచి తెలుగునేలకు పోతోంది. ఇంకా తుక్కు బజార్లు, ఉక్కు ఫ్యాక్టరీలు, వెల్డింగు అతుకులను గామా కిరణాలతో పరీక్షించే పరికరాలు మన చుట్టూ ఉండనే ఉన్నాయి. కాస్త తెలిసి ఉండడం నష్టం కాదు.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కిరణాలు ఒంటి మీద పడడం వేరు, కిరణాలు వెలువరించే పదార్థం ఒంట్లోకి చేరడం వేరు. ఎక్స్‌రే తీయించుకుని వచ్చినవాడి ఒంట్లో ఏమీ మిగిలి ఉండదు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో జరిగిన ప్రమాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగం 1968లో కొన్న గామా యంత్రం ఏళ్ల తరబడి వాడకుండా మూలపడి ఉంటే ఆ ఏడు ఫిబ్రవరిలో వేలంలో అమ్మేశారు. లోపల కోబాల్ట్-60 ఉందన్న సంగతి కొన్నవాళ్లకు తెలియదు. విప్పారు, కోశారు. ఒకరు చనిపోయారు, మరికొందరికి చర్మం కాలింది, రక్తకణాలు పడిపోయాయి. అక్కడ జరిగిన నష్టంలో ఎక్కువ భాగం బయటినుంచి పడిన కిరణాల వల్ల వచ్చింది. ఒంట్లోంచి లోహాన్ని లాగే మందు దానికేం చేస్తుంది? లాగడానికి లోపల సరుకు ఉండాలి కదా.

లోపలికి పోతే ఏమవుతుందో బ్రెజిల్‌లోని గొయానియా పట్టణం చూసింది. 1987 సెప్టెంబరు. మూతపడిన క్యాన్సర్ క్లినిక్కులో వదిలేసిన యంత్రాన్ని ఇద్దరు కుర్రాళ్లు విప్పి తుక్కు వ్యాపారికి అమ్మారు. లోపల సీజియం-137 ఉప్పు. చీకట్లో నీలంగా మెరిసే ఆ పొడిని చూసి ముచ్చటపడిన వ్యాపారి ఇంటికి పిలిచి చుట్టాలకు, స్నేహితులకు పంచాడు. కొందరు ఒంటికి రాసుకున్నారు. ఆరేళ్ల పాప ఒకతె ఆ పొడి అంటిన చేతులతోనే తిండి తింది. నలుగురు చనిపోయారు, ఆ పాప కూడా. అధికారులు ఊరి స్టేడియంలో పరికరాలు పెట్టి 1,12,000 మందిని పరీక్షిస్తే 249 మందికి కాలుష్యం అంటిందని తేలింది. వాళ్లలో 46 మందికి ప్రష్యన్ బ్లూ ఇచ్చారు.

అది చేసే పని ఇది. సీజియం రసాయన స్వభావంలో పొటాషియానికి సోదరి. అందుకే ఒళ్లు దాన్ని పొటాషియం అనుకుని కండరాల్లోకి చేర్చుకుంటుంది. కొంత పేగుల్లోకి ఊరుతుంది, అక్కడినుంచి మళ్లీ రక్తంలోకి పోతుంది. ఇలా తిరుగుతూనే ఉంటుంది. పేగుల్లోకి వచ్చినప్పుడు ప్రష్యన్ బ్లూ అక్కడ కాపు కాసి దాన్ని పట్టుకుంటుంది. మందు రక్తంలోకి పోదు, మలంతో వెళ్లిపోతుంది. ఏ మందూ లేకపోతే పెద్దవాళ్ల ఒంట్లో సీజియం సగానికి తగ్గడానికి దాదాపు 110 రోజులు పడుతుంది. ఈ మందుతో 30 రోజులకు దిగుతుంది. పెద్దవాళ్ల మోతాదు రోజుకు మూడుసార్లు, సారికి 3 గ్రాములు. అర గ్రాము క్యాప్సూళ్లు కాబట్టి రోజుకు 18 మింగాలి. కనీసం నెల రోజులు. మలం నీలంగా వస్తుంది, కంగారు పడక్కర్లేదు. మలబద్ధకం మాత్రం తేలిగ్గా తీసుకోవలసింది కాదు; పేగుల్లో చిక్కిన సీజియం అక్కడే ఉండిపోతే పేగులకు కిరణాల దెబ్బ ఎక్కువవుతుంది. ఇక పొటాషియం విషయం. సోదరిని పట్టే చెయ్యి అక్కనూ పట్టవచ్చు. గొయానియాలో కొద్దిమందికి రక్తంలో పొటాషియం తగ్గింది. గుండె జబ్బుకు మందులు వాడేవాళ్లకు, ఒంటికి నీరు పట్టి మూత్రం పోయే మాత్రలు వేసుకునేవాళ్లకు పొటాషియం తగ్గితే గుండె లయ తప్పవచ్చు. అందుకే మందుతోపాటు రక్తపరీక్షలు నడుస్తూనే ఉండాలి.

ఈ మందును మన దేశంలోనే తయారుచేసే పద్ధతిని ఢిల్లీలో డీఆర్‌డీఓ కింద ఉన్న ఇన్‌మాస్ సంస్థ రూపొందించింది. తయారీకి ఔషధ నియంత్రణాధికారి లైసెన్సు కూడా ఇచ్చారు.

సీజియానికి పనికొచ్చినంత మాత్రాన ఇది ప్లుటోనియానికి పనికిరాదు. ప్లుటోనియం, అమెరీషియం, క్యూరియం, ఈ మూడింటికీ ఉన్న మందు డీటీపీఏ. 2004 ఆగస్టులో అమెరికా ఔషధ సంస్థ దీనికి అధికారికంగా అనుమతి ఇచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే అణుకేంద్రాల్లో వాడుతున్నారు. కీలేషన్ అంటే అసలు ఇదే. డీటీపీఏ అణువుకు లోహాన్ని పట్టుకునే చేతులు ఎనిమిది. మధ్యలో లోహాన్ని పెట్టుకుని అన్ని వైపులనుంచీ చుట్టేస్తుంది. అలా చుట్టబడిన లోహం ఎముకకో కాలేయానికో అంటుకోలేదు. రక్తంలోంచి మూత్రపిండాలకు, అక్కడినుంచి మూత్రంలోకి పోతుంది.

దీని మాట వచ్చినప్పుడల్లా హెరాల్డ్ మెక్‌క్లస్కీ పేరు వస్తుంది. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం హాన్‌ఫర్డ్ అణుకేంద్రంలో ఉద్యోగి. 1976 ఆగస్టు 30న అమెరీషియం ఉన్న గొట్టం ఆయన ముఖం ముందే పేలింది. గాజుపెంకులు, యాసిడ్, అమెరీషియం కలిసి ముఖంలోకి దిగాయి. అప్పటికి వయసు 64. ఒక మనిషి ఉద్యోగమంతటిలో తీసుకోదగ్గ అమెరీషియానికి 500 రెట్లు ఒక్క క్షణంలో ఒంట్లో పడింది. ఇనుము, కాంక్రీటు గోడల మధ్య విడిగా ఉంచారు. పదే పదే స్నానం చేయించారు, గాయాల్లోని పెంకులను ఏరారు, డీటీపీఏ ఎక్కించడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఎక్కించిన మందు మొత్తం కలిపితే అర కిలో పైనే. ఇంటికి వెళ్లాక కొందరు స్నేహితులు దగ్గరికి రావడానికి జంకారు. ఆయన ఆ తర్వాత పదకొండేళ్లు బతికి 1987లో గుండెజబ్బుతో పోయాడు. క్యాన్సర్ రాలేదు.

అర కిలో డీటీపీఏ ఎక్కించినా ఆ మనిషి జింకు ఎందుకు ఖాళీ కాలేదన్నది అసలు ప్రశ్న. దాన్ని అర్థం చేసుకోవడానికి మన నింపురా యార్డుకు వెళ్దాం. ఇంజను యార్డులోకి ఒట్టిగా రాదు, ఒక వ్యాగను తగిలించుకుని వస్తుంది. బరువైన వ్యాగను కనబడితే తెచ్చినదాన్ని వదిలి దాన్ని తగిలించుకుని పోతుంది. డీటీపీఏ రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి కాల్షియం తగిలించుకుని వస్తుంది, రెండోది జింకు తగిలించుకుని వస్తుంది. కాల్షియంతో దాని బంధం వదులు, కాబట్టి ప్లుటోనియం కనబడగానే కాల్షియాన్ని విడిచి దాన్ని పట్టుకుంటుంది. మొదటి 24 గంటల్లో కాల్షియం రకం పని జింకు రకంకన్నా ఎన్నో రెట్లు మెరుగు. కానీ రక్తంలో ప్లుటోనియం ఎంతని? మైక్రోగ్రాముల్లో ఉంటే ఎక్కువ. జింకు, మాంగనీస్ దానికన్నా ఎంతో ఎక్కువ తిరుగుతుంటాయి. ఆ రెండింటితోనూ డీటీపీఏ బంధం కాల్షియంతోకన్నా గట్టిది. ప్లుటోనియానికి ఎదురుపడని అణువులు ఖాళీగా కూర్చుంటాయా? జింకును తగిలించుకుని మూత్రంలోకి పోతాయి. మెగ్నీషియం కూడా కొంత పోతుంది.

కాస్త లెక్క వేద్దాం, రేడియోలో లెక్కలు విసుగని తెలిసినా. పెద్దవాళ్లకు రోజు మోతాదు 1 గ్రాము. అణుభారాలు పెట్టి లెక్కగడితే ఆ గ్రాములోని కాల్షియం డీటీపీఏ మొత్తం జింకునే పట్టుకుందనుకుంటే దాదాపు 130 మిల్లీగ్రాములు పట్టుకోగలదు. నిజంగా అంత పట్టుకోదు. మందులో ఎక్కువ భాగం కాల్షియాన్ని వదలకుండానే కొద్ది గంటల్లో మూత్రంలో పోతుంది. అయినా ఆ 130 అన్న అంకెను పక్కన పెట్టుకుని ఒంట్లో సంగతి చూడండి. మనిషి ఒంట్లో జింకు మొత్తం రెండు మూడు గ్రాములు ఉంటుంది. అందులో అత్యధికభాగం కండరాల్లో, ఎముకల్లో ఇరుక్కుని ఉంటుంది. రక్తంలోని ప్లాస్మాలో తిరిగేది మూడు నాలుగు మిల్లీగ్రాములు మించదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్, 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం మగవాళ్లకు రోజుకు 17 మిల్లీగ్రాముల జింకు కావాలి, ఆడవాళ్లకు 13 పైచిలుకు. ప్లాస్మాలో ఉన్నది మూడైతే, ఏ రోజుకారోజు తిండిలో రావలసింది పదిహేడు. నిలవ తక్కువ, రాబడి మీదే నడిచే సంసారం. అలాంటిచోట రోజూ లాగే మందు పెడితే ఎన్నాళ్లు నిలుస్తుంది?

పైగా మన తిండి అన్నం, పప్పు, గోధుమ రొట్టె. గింజధాన్యాల్లోనూ పప్పుల్లోనూ ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది పేగుల్లోనే జింకును పట్టుకుని ఒంటికి అందనివ్వదు. అంటే తిన్న జింకులో కొంతే ఒంటబడుతుంది. మాంసం, గుడ్లు తినేవాళ్లకు ఆ ఇబ్బంది తక్కువ. జింకు తగ్గితే నోటికి రుచి తెలియదు. గాయం మానడం ఆలస్యమవుతుంది. నోటి చుట్టూ చర్మం పగుల్తుంది. పిల్లలైతే ఎదగరు. ప్రమాదంలో ముఖమంతా గాయాలైనవాడికి గాయం మాన్పే లోహాన్నే ఒంట్లోంచి తీసేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అందుకే వైద్యులు పద్ధతి మార్చుకున్నారు. మొదటి రోజు కాల్షియం రకం ఒక్క మోతాదు ఇస్తారు. అప్పుడు వేగం ముఖ్యం. ప్లుటోనియం రక్తంలో తిరుగుతున్నంతసేపే మందుకు దొరుకుతుంది, కాలేయంలోకీ ఎముకల్లోకీ దూరాక దాన్ని కదిలించడం కష్టం. రెండో రోజునుంచి జింకు రకం. జింకు తగిలించుకునే వస్తుంది కాబట్టి ఒంట్లోని జింకు జోలికి పోదు. ఇంకా గట్టి బంధం దొరికే ప్లుటోనియం లాంటివాటి కోసం మాత్రమే దాన్ని వదులుతుంది. మెక్‌క్లస్కీకి ఏళ్ల తరబడి ఇవ్వగలిగింది అందుకే. జింకు రకం దొరక్కపోతే కాల్షియం రకమే కొనసాగిస్తూ విడిగా జింకు మాత్రలు ఇస్తారు. రక్తంలో జింకు, మెగ్నీషియం, రక్తకణాల లెక్క ఎప్పటికప్పుడు చూస్తారు. గర్భిణి అయితే మొదటినుంచీ జింకు రకమే మేలంటారు. కాల్షియం రకం పదే పదే ఎక్కిస్తే ఎలుకల్లో పిండానికి హాని జరిగిందని తేలింది. ఉబ్బసం ఉన్నవాళ్లకు దీన్ని ఆవిరిలా పీల్పిస్తే ఊపిరి ఆడకపోవడం పెరగవచ్చు. వైద్యచరిత్రలో పెద్ద పెద్ద ఆవిష్కరణల గురించి పుస్తకాలు రాస్తారు గానీ, రెండో రోజు సీసా మార్చాలన్న ఈ చిన్న నియమానికి నా దృష్టిలో వాటికేమీ తీసిపోని విలువ ఉంది.

మన దేశంలో ప్లుటోనియంతో పనిచేసేది ప్రధానంగా ట్రాంబే, తారాపూర్, కల్పాక్కం కేంద్రాల్లో. బయట మామూలు జనానికి అది తగిలే సందర్భం దాదాపు లేదు. మనకు దగ్గరిది యురేనియం. జాదూగూడ ఒకటైతే, కడప జిల్లాలో తుమ్మలపల్లె రెండోది. అక్కడ శుద్ధి కర్మాగారం వ్యర్థాలు నిలవచేసే చెరువు పక్క ఊళ్ల రైతులు తమ బోరు నీళ్లు చెడ్డాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. తమవల్ల కాదని సంస్థ అంటోంది. ఆ తగువు తేల్చడం ఈ ప్రసంగం పని కాదు. వైద్యం సంగతి చెబుతాను. యురేనియానికి డీటీపీఏ ఇవ్వకూడదు. ఒంట్లోంచి పోయే బదులు మూత్రపిండాల్లో, ఎముకల్లో పేరుకునే ముప్పు ఉందని వద్దంటారు. మామూలు యురేనియం కిరణాలతోకన్నా రసాయనంగా చేసే హానే ఎక్కువ, అది పడేది మూత్రపిండాల మీద. ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పోతే సోడియం బైకార్బొనేటు ఇస్తారు, అంటే మనింట్లో వంటసోడాగా వాడే పదార్థమే. మూత్రం క్షారంగా మారితే యురేనియం మూత్రపిండంలో దిగకుండా బయటికి పోతుంది. అయితే ఏళ్ల తరబడి తాగునీళ్లలో కొంచెం కొంచెంగా వస్తున్నదానికి ఏ డ్రిప్పూ జవాబు కాదు. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. దాటితే మార్చవలసింది నీళ్లు.

ఒంట్లోకి పోయిన ప్రతిదానికీ పట్టి లాగే మందు కావాలనేం లేదు. కర్ణాటకలోని కైగా అణువిద్యుత్ కేంద్రంలో 2009 నవంబరులో ఎవరో కూలర్ నీళ్లలో ట్రీషియం ఉన్న భారజలం కలిపారు. యాభై మందికి పైగా ఉద్యోగుల ఒంట్లోకి పోయింది. వైద్యం నీళ్లు బాగా తాగించడం, మూత్రం ఎక్కువగా పోయేట్టు చూడడం. ట్రీషియం నీటిలో కలిసే ఉంటుంది కాబట్టి నీటితోనే పోతుంది, దానికి చేతులున్న మందు అక్కర్లేదు. అయోడిన్ మాత్రలదీ ఒక్క పనే. అవి థైరాయిడ్‌ను రేడియోధార్మిక అయోడిన్ నుంచి కాపాడడానికే. సీజియానికి గానీ ప్లుటోనియానికి గానీ అవి ఎందుకూ కొరగావు.

ఇంత చెప్పాక నన్ను నిజంగా చిరాకుపెట్టే విషయానికి వస్తాను. కీలేషన్ అన్న మాట ఇప్పుడు అంగట్లో సరుకైంది. గుండె నాళాలు శుభ్రం చేస్తామని, ఒంట్లో విషాలన్నీ కడిగేస్తామని డ్రిప్పులు ఎక్కించే దుకాణాలు వెలిశాయి. పేరు వెనక డిటాక్స్ అని తగిలిస్తే మనవాళ్లు పర్సు తీయడానికి వెనకాడరు. ఆ డ్రిప్పుల్లో వాడేది ఎక్కువగా ఈడీటీఏ, డీటీపీఏకి వేలువిడిచిన అన్న. సీసం ఒంట్లో చేరిన బ్యాటరీ కార్మికులకు అది నిజంగా మంచి మందు, అయితే కాల్షియం తగిలించుకున్న రకం. ఇంకో రకం ఉంది, సోడియం మాత్రమే ఉన్నది. పేర్లు దాదాపు ఒకటే: కాల్షియం డైసోడియం, డైసోడియం. ఈ రెండోది కాల్షియం లేకుండా ఒట్టి ఇంజనులా రక్తంలోకి వస్తుంది. ముందు కనబడిన కాల్షియాన్ని తగిలించుకుని పోతుంది. రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోతే గుండె ఆగిపోవచ్చు. అమెరికాలో 2003, 2005 మధ్య ఇలా ముగ్గురు చనిపోయారు, అందులో ఇద్దరు పసిపిల్లలు. ఒక పిల్లవాడికి ఆ మందు ఇచ్చింది ఆటిజం తగ్గుతుందన్న ఆశతో. ఆటిజానికి కీలేషన్ పనికొస్తుందనడానికి ఆధారం లేదు.

గుండె సంగతి న్యాయంగా చెప్పాలి. 2013లో వెలువడిన అమెరికా అధ్యయనం ఒకటి, గుండెపోటు వచ్చినవాళ్లు 1,708 మంది మీద చేసినది, ఈడీటీఏతో కొద్దిపాటి మేలు కనబడిందని చెప్పింది. మధుమేహం ఉన్నవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. ఆశ పుట్టింది. సరిగ్గా అలాంటి సుమారు వెయ్యిమంది మీద మళ్లీ చేశారు. ఫలితం 2024లో వచ్చింది. రక్తంలో సీసం సగానికిపైగా తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. లోహం పోవడం వేరు, జబ్బు పోవడం వేరని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

కీలేషన్ మన ఖరగ్‌పూర్ ఇళ్లలో నిజంగా ఉన్నది వేరే చోట. తలసీమియా పిల్లలున్న ఇళ్లలో. బెంగాల్‌లో ఈ జబ్బు, దానికి తోడు హిమోగ్లోబిన్ ఈ అనే లోపం ఎక్కువ. మన తెలుగు కుటుంబాలకూ లేకపోలేదు. ఈ పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒక్కొక్క సీసా రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లోకి వస్తుంది. దాన్ని తనంతట తాను బయటికి పంపే దారి ఒంటికి లేదు, రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు తప్ప. మిగతాదంతా గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. కాబట్టి కీలేషన్ మందు లేకుండా రక్తం ఎక్కించడం ఒక చేత్తో ప్రాణం పోసి ఇంకో చేత్తో తీయడమే. వెనకటి రోజుల్లో రాత్రంతా పొట్ట చర్మం కింద సూది గుచ్చి పంపుతో డెఫెరాక్సమిన్ ఎక్కించేవారు. నోటితో మింగే డెఫెరిప్రోన్‌ను ప్రపంచంలో మొదట అమ్మకానికి అనుమతించింది మన దేశమే. సిప్లా కంపెనీ కెల్ఫర్ పేరుతో తెచ్చింది. ఆ తర్వాత డెఫెరాసిరాక్స్ వచ్చింది, రోజుకొక్కసారి వేసుకునేది.

ఈ తల్లిదండ్రులకు ఒంట్లో ఇనుము నిలవను చూపే ఫెర్రిటిన్ అంకె నోటికొచ్చి ఉంటుంది. బిడ్డ ఫెర్రిటిన్ ఎంత అంటే వెంటనే చెబుతారు. జింకు ఎంత అని అడిగితే చాలామందికి ఆ పరీక్ష ఉందనే తెలియదు. డెఫెరిప్రోన్ ఇనుముతోపాటు జింకునూ కొంత లాగుతుంది. పిల్ల ఎదగకపోతే తలసీమియా వల్లే అనుకుని ఊరుకుంటాం. అందులో జింకు వాటా ఎంతో చూడాలి కదా. మీ డాక్టరుగారిని ప్లాస్మా జింకు పరీక్ష రాయమని అడగండి. తక్కువని తేలితే ఆయన జింకు మాత్రలు రాస్తారు. అవి వేయడంలో ఒక మెలకువ ఉంది. జింకు, డెఫెరిప్రోన్ ఒకేసారి మింగితే రెండూ కడుపులోనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అటు జింకూ అందదు, ఇటు మందూ పనిచేయదు. మధ్యలో కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. అల్యూమినియం ఉన్న యాంటాసిడ్ మందులకూ ఇదే నియమం. పొద్దున ఏడింటికి డెఫెరిప్రోన్ వేస్తే, జింకు పదకొండు దాటాకే. మధ్యాహ్నం మోతాదు అంతకన్నా మరో నాలుగు గంటల తర్వాత పడేట్టు డాక్టరుతో మాట్లాడి గంటలు సర్దుకోండి. బడికి వెళ్లే పిల్లలకు జింకు రాత్రికి మార్చుకోవడం సులువు కావచ్చు, అప్పుడూ ఆ నాలుగు గంటల ఎడం ఉండాలి.

డెఫెరిప్రోన్ వేసుకునే బిడ్డ మూత్రం ఎర్రగా, ఇటుకరంగులో పోతుంది. అది మందుతో కలిసి బయటికొచ్చే ఇనుము రంగు, రక్తం కాదు. కానీ జ్వరం వచ్చినా, గొంతు నొప్పి వచ్చినా పారాసెటమాల్ వేసి తెల్లారే దాకా ఆగకండి. ఈ మందు అరుదుగా తెల్లకణాలను ఒక్కసారిగా పడగొడుతుంది. మాత్ర ఆపి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి తెల్లకణాల లెక్క చేయించండి. జ్వరం లేని రోజుల్లోనూ డాక్టరు చెప్పినన్నిసార్లు ఆ రక్తపరీక్ష తప్పకుండా జరగాలి, చీటీ మీద తేదీ రాసి గోడ క్యాలెండరుకు గుచ్చుకోండి.